చెల్లి చూపు నిలవదు

ఆ ఇంట్లో కెమెరాలకున్న మర్యాద మనుషులకు ఉండేది కాదు. కెమెరాలు పడుకోవడానికి మెత్తటి పెట్టెలు, వాటికి చెమ్మ తగలకుండా పక్కన గుళికల పొట్లాలు, ఒళ్ళు తుడవడానికి వేరే గుడ్డలు. ఆయన వాటిని కంటికి రెప్పలా చూసుకునేవాడు. ఆయన ఇల్లాలు నడవా చివర కుట్టుమిషను ముందు కూర్చుని, నలుగురి ప్యాంట్లు పొట్టి చేస్తూ, పాడైన జిప్పులు మారుస్తూ తన పని తాను చూసుకునేది.

ఆయనది పగలు ఒక ఆఫీసులో లెక్కలు సరిచూసే ఉద్యోగం. ఆఫీసుకు ముందూ వెనకా కెమెరాలను పోల్చి వీడియోలు పెట్టే పిచ్చి. చూసేవాళ్ళు ఆయనకు 'నిక్కచ్చి' అని పేరు పెట్టారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు కంటే ఆ పేరంటేనే ఆయనకు ముద్దు.

ఈసారి దుకాణం వాళ్ళు చూసి చెప్పమని ఇచ్చినవి ఒకే కంపెనీ మిర్రర్‌లెస్ కెమెరాలు. నిరుడు వచ్చింది ఒకటి, ఈ ఏడు వచ్చింది ఒకటి. పక్కపక్కన పెడితే అచ్చు ఒక్కలాగే ఉంటాయి. అందుకని పాతదాన్ని అక్క అన్నాడు, కొత్తదాన్ని చెల్లి అన్నాడు. నడిచొచ్చే మనిషి కంటిని ఏది ముందు పట్టుకుంటుంది, పట్టుకున్న కంటిని ఏది వదలకుండా ఉంటుంది, షట్టర్ ఎవరిది చురుకు, ఇవన్నీ తేల్చాలి. ఇంతకీ ఎవరి కన్ను అంటారా? జీతం అడగని మోడల్ ఇంట్లోనే ఉండగా బయట వెతుక్కునేంత వెర్రివాడు కాదు ఆయన.

నడవా ఆ చివర్నుంచి ఈ చివరికి ఆమె నడిచి రావాలి. లెన్సుకేసి చూడాలి, నవ్వకూడదు. ఎడమ కంటినే పట్టుకోమని ముందే కెమెరాకు చెప్పి ఉంచేవాడు. తెర మీద చిన్న ఆకుపచ్చ గడి ఆ కన్ను మీద వాలగానే షట్టర్ టకటకటకా కొట్టుకునేది. తర్వాత ఒక్కొక్క ఫొటోనూ వెంట్రుక వెంట్రుకా కనబడేదాకా పెద్దది చేసి, కళ్ళల్లో వత్తులు వేసుకుని చూసేవాడు.

పరీక్షలో పక్షపాతం ఉండకూడదని ఆయన పట్టుదల. కిటికీకి నల్లగుడ్డ కట్టి, రెండు దీపాలు పెట్టాడు. లెన్సు ఒకటే, దూరం ఒకటే, ఆమె తొడుక్కునే నీలం స్వెట్టరు కూడా ఒకటే. ఆఫీసుకు వెళ్ళేముందు అక్క వంతు, తిరిగొచ్చాక చెల్లి వంతు. ఆ నల్లగుడ్డ వల్ల ఆమె కుట్టుమిషను చీకట్లో పడింది. దాని సంగతి ఆయన లెక్కలోకి రాలేదు.

ఆమె లెక్క వేరు. కొంతకాలంగా పొద్దు వాలేసరికి ఆమెకు ఒక సూది రెండు సూదులుగా కనిపిస్తోంది. ఏది నిజం సూదో తెలియక దారాన్ని గాల్లోకి గుచ్చేది. అన్నం నమలడానికి కూడా దవడ అలిసిపోయేది. రాత్రి నిద్రపోయి లేస్తే అంతా మామూలే, సాయంత్రానికి మళ్ళీ మొదలు. ఒకాయన కోటు కుట్టు పక్కకు పోతే, అతను దాన్ని ముఖాన కొట్టినట్టు తిప్పి పంపాడు. కన్ను పోతే తన బతుకు ఏమిటి? ఆ భయం రాయిలా ఆమె గుండెల్లో కూర్చుంది.

మొగుడికి చెప్పకపోలేదు. మొదటిసారి చెప్పినప్పుడు బ్యాటరీ మారుస్తూ, అద్దాలు మార్పించుకో అన్నాడు. రెండోసారి చెప్పినప్పుడు ఆ దీపాలకేసి సూటిగా చూడకు అన్నాడు. మూడోసారి మాత్రం తలెత్తి ఆమె ముఖంలోకి శ్రద్ధగా చూశాడు. ఆమె ప్రాణం లేచొచ్చింది.

"రెప్పలు ఎక్కువగా ఆర్పుతున్నావు. నడిచేటప్పుడు కాస్త ఆపుకో," అన్నాడు.

షట్టర్ పరీక్షకు ఆమె బట్ట కొలిచే చెక్క స్కేలే పనికొచ్చింది. దాన్ని ముఖం ముందు గబగబా ఊపమన్నాడు. చప్పుడయ్యే షట్టర్‌తో తీస్తే రెండు కెమెరాల్లోనూ స్కేలు తిన్నగానే ఉంది. చప్పుడు లేని షట్టర్ బొమ్మను వరస తర్వాత వరసగా చదువుతుంది, దాంతో తీస్తే అక్క ఫొటోలో కొడవలిలా వంగింది, చెల్లి ఫొటోలో కొద్దిగా వంగింది. ఆయన ఎగిరి గంతేశాడు. ఎంత వంగిందో తెర మీద గీతలు గీసి మరీ కొలిచాడు. కర్ర వంగితే కనిపించిన మనిషికి, దాని వెనక వాలుతున్న రెప్ప కనిపించలేదు. దీపం కింద చీకటి అంటే ఇదే.

ఫోకస్ దగ్గరికొచ్చేసరికి చెల్లి పరువు తీసింది. అక్క ఎడమ కన్ను పట్టుకుంటే ఉడుంపట్టు. చెల్లి నాలుగడుగులు పట్టుకుని, కుడి కంటికి దూకేది, మళ్ళీ వెనక్కి వచ్చేది. సెట్టింగులు మార్చాడు, లెన్సు తుడిచాడు, ఆమెను మళ్ళీ మళ్ళీ నడిపించాడు. అలిసిపోతున్నానండీ అంటే, అయిపోయింది, ఇదొక్కటీ అన్నాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. నడిపించినకొద్దీ చెల్లి ఇంకా తడబడింది.

తీర్పుతో వీడియో పెట్టాడు: కొత్తదని మురిసిపోకండి, షట్టర్ బాగుంది గానీ చెల్లి చూపు నిలవదు. ఉదయం అక్క పట్టిన కన్ను ఒక పక్క, సాయంత్రం చెల్లి వదిలేసిన కన్ను ఒక పక్క, తెర నిండా పెద్దవి చేసి చూపించాడు. అంతకుముందు ఏ వీడియోకీ రానంత జనం దానికి వచ్చారు.

ఆ జనంలో ఆయన తోడబుట్టిన అక్క కూడా ఉంది. పెళ్ళైన నాటి నుంచీ మరదలి పనిలో ఒక్కటీ మెచ్చని ఆడపడుచు. మరునాడు పొద్దున్నే ఫోను చేసింది.

"ఒరేయ్, దాని ఎడమ కన్ను చూశావా?"

"అదే కదక్కా చెప్పింది. చెల్లి ఆ కన్ను పట్టుకోలేక—"

"కెమెరా గొడవ నాకెందుకురా. రెప్ప జారిపోతోంది. పొద్దుటి ఫొటోలో తెరుచుకున్న కన్ను సాయంత్రం ఫొటోలో సగం మూసుకుపోయింది. నీకు కళ్ళున్నాయా అసలు?"

ఆయన ఫోను పెట్టేసి కంప్యూటర్ ముందు కూర్చుని రెండు రకాల ఫొటోలనూ పక్కపక్కన వేసుకున్నాడు. చూడగా చూడగా ముఖం పాలిపోయింది. ఇల్లాలు గుమ్మంలో నిలబడి ఆ ముఖం చూసింది. ఇన్నాళ్ళకు తన కోసం మనసు కదిలిందనుకుంది. ఆశకు సిగ్గుండదు.

"అయ్యో, వీడియో మొత్తం తప్పే," అన్నాడాయన.

ఆడపడుచు అంతటితో ఊరుకోలేదు. మధ్యాహ్నానికి దిగి, మరదల్ని ఆసుపత్రికి బయల్దేరదీసింది. తమ్ముణ్ణి ఫొటోలు పట్టుకుని వెంట రమ్మంది. డాక్టరమ్మ వేలు పైకెత్తి దాన్నే చూస్తూ ఉండమంది. చూస్తుండగానే ఎడమ రెప్ప మెల్లగా కిందికి జారింది. అప్పుడు చేతి తొడుగులో మంచుముక్కలు మూటకట్టి ఆ కన్ను మీద కాసేపు ఉంచింది. తీయగానే, చల్లదనానికి సత్తువ తేరుకున్నట్టు, రెప్ప లేచి నిలబడింది. ఆడపడుచు పైటచెంగుతో కళ్ళొత్తుకుంది. వాడేకొద్దీ కండరాలు సత్తువ కోల్పోయే జబ్బులా ఉందనీ, రక్తపరీక్షలు చేసి రూఢి చేసుకుంటాననీ, మాత్రలతో అదుపులో ఉంటుందనీ డాక్టరమ్మ చెప్పింది. నిర్లక్ష్యం చేసి ఉంటే మింగడమూ ఊపిరీ కూడా కష్టమయ్యేవంది.

ఎప్పటి నుంచి ఇలా ఉందని అడిగితే ఆమె నోరు తెరిచేలోగా ఆయన వెంట తెచ్చిన ల్యాప్‌టాప్ తెరిచాడు. తేదీలతో, వేళలతో, వెంట్రుకలు లెక్కపెట్టగలిగినంత స్పష్టంగా ఆమె కన్ను వరసగా కనిపించింది. ఇంత వివరంగా ఇంతవరకూ ఎవరూ తీసుకురాలేదని డాక్టరమ్మ ఆశ్చర్యపోయింది. ఆయన ముఖం వెలిగిపోయింది. ఏ కెమెరాతో తీశాడో కూడా చెప్పబోయాడు. ఆడపడుచు మోచేతితో పొడిచింది.

పరీక్షల్లో జబ్బు రూఢి అయింది, మాత్రలు మొదలయ్యాయి. ఆ వారంలోనే ఆయన సవరణ వీడియో పెట్టాడు. తప్పు కెమెరాది కాదు, మోడల్‌ది అన్నాడు. మోడల్ ఎడమ కంటిలోని లోపం వల్ల ఫలితాలు తారుమారయ్యాయనీ, చెల్లికీ దుకాణం వాళ్ళకూ క్షమాపణలనీ తల వంచి మరీ చెప్పాడు. ఇంత నిజాయితీ ఎక్కడుందని చూసినవాళ్ళు ఆయన్ను ఆకాశానికెత్తారు.

ఆమె అది కుట్టుమిషను దగ్గరే కూర్చుని చూసింది. ఆడలేక మద్దెల ఓడు అంటారు. ఇక్కడ మద్దెలకు క్షమాపణ దక్కింది, ఆడి ఆడి కూలబడ్డ మనిషే ఓటిదైంది. ఏడుపు రాలేదు గానీ నోరంతా చేదైపోయింది.

అంతలో ఆయన నీలం స్వెట్టరు పట్టుకుని వచ్చాడు.

"మాత్ర వేసుకున్న గంటకి రెప్ప బాగా నిలబడుతుందన్నారుగా. ఆ వేళప్పుడు అక్కనీ చెల్లినీ వెంటవెంటనే తీసేద్దాం. అదీ న్యాయం."

ఆమె లేచి కిటికీకి కట్టిన నల్లగుడ్డ లాగేసింది. మడిచి ఆయన చేతిలో పెట్టింది.

"ఆ వేళప్పుడు నాకు కుట్టు పనుంది. నా కన్ను గోడంత పెద్దది చేసి చూశారు. ఒక్కనాడైనా నన్ను చూశారా మీరు?"

ఆయన స్వెట్టరును నల్లగుడ్డ మీద పెట్టి తల వంచుకున్నాడు. మాట తగలాల్సిన చోట తగిలిందని ఆమె అనుకుంది.

"పోనీ, సాయంత్రం మాత్ర వేసుకున్నాక?" అన్నాడు.

ఆమె వెలుతురులో సూది ఎత్తి పట్టుకుంది. సూది ఒక్కటే ఉంది. దారం ఎక్కించుకుని, తిరిగొచ్చిన కోటు ముందేసుకుని, పక్కకు పోయిన కుట్టు విప్పడం మొదలుపెట్టింది.