కాయని తీగ

అన్యాయం ఎవరికి జరిగింది, ఎలా జరిగింది? లోవమ్మకు జరిగింది. ఆమె కౌలు చేలో వేసిన ఆకాకర పందిరిలో, పూయడమే తప్ప కాయని మగతీగలు దండగని భూస్వామి శ్రీనివాసరాజు పీకించాడు. పుప్పొడి అందక ఆడపూలన్నీ రాలిపోయాయి. పంట పోయిందని చేను కూడా లాక్కున్నాడు.

ఈ ఏడు ఆ చేలో, కాసే తీగల దుంపలే ఏరి తనే నాటించాడు. పసుపు పూలు పిందె కట్టకుండా నల్లబడి రాలుతుంటే, తప్పు తెలిసి లోవమ్మ ఇంటి దడి దగ్గరకు వచ్చాడు.

"నీ దడి మీద మగపూలున్నాయట కదమ్మా! కోసుకెళ్లి మా పూలకు అద్దుకుంటాను."

"ఇంకెక్కడివండీ రాజుగారూ? ఇందాకే పీకేశానండి. కాయని తీగ దండగని తమరే సెలవిచ్చారు కదండీ!"

పొయ్యిలో ఆ తీగ పచ్చిగానే పొగలు కక్కుతోంది. సాయంత్రానికి రాజు పందిట్లో చివరి పువ్వూ రాలింది. లోవమ్మకు రావలసిన పాత బాకీ పూర్తిగా తీరింది.