దుప్పటి రెండో కొస

దుప్పటి ఒక కొస కుళాయికి ముడేసి, రెండోది రెండు చేతులా పట్టుకుని మెలితిప్పుతోందామె. తడిదుప్పటి పిండడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఈ ఇంట్లో రెండో మనిషి ఎప్పుడూ ఆ కుళాయే.

"బరువులెత్తొద్దన్నానా లేదా? ఈసారైనా ఒళ్ళు దగ్గరపెట్టుకో!" వంటింట్లోంచి అత్తగారి కేక. ఆ వెంటనే, "దుప్పట్లయ్యాక వాడి చొక్కాలు కూడా జాడించెయ్యి, రేపటికి లేవు."

నవ్వాలో ఏడవాలో తెలియక ఆమె ఇంకో మెలిక తిప్పింది.

ఇంతకుముందు రెండుసార్లు మూడో నెల రాకుండానే కడుపు పోయింది. మొదటిసారి మెట్లెక్కినందుకట. రెండోసారి పైఅరలో డబ్బా అందుకున్నందుకట. ఆ డబ్బా తెమ్మన్నదెవరో మాత్రం ఎవరికీ గుర్తులేదు. ఈసారి డాక్టరమ్మ మొదట్లోనే రక్తపరీక్షలు రాసింది. కడుపు నిలిస్తే రక్తంలో ఒక హార్మోను రెండుమూడు రోజులకల్లా దాదాపు రెట్టింపవ్వాలంది. ఇంట్లోవాళ్ళు దాన్ని పరీక్ష మార్కుల్లా పట్టుకున్నారు. "ఎంతొచ్చింది?" అని భర్త గుమ్మంలోనే అడిగేవాడు. మొన్న కాస్తే పెరిగిందంటే, "కాస్తేనా? మందులు సరిగ్గా మింగుతున్నావా?" అన్నాడు, చదవని పిల్లని నిలదీసినట్టు. సూదులకి మోచేతి మడత నీలంగా కమిలింది. సెలవడిగితే ఆఫీసులో సూపర్‌వైజరు "మళ్ళీనా?" అన్నాడు. అందరికీ సంజాయిషీ చెప్పుకుని, బట్టలుతుకుతూ కడుపులోని నలుసుతో మాట్లాడేది: ఉండవే తల్లీ, నువ్వైనా నా పక్కన ఉండవే.

ఫోను మోగింది. డాక్టరమ్మ. చేతులు తడిగా ఉన్నాయని చిటికెనవేలితో స్పీకరు నొక్కింది.

"తగ్గిందమ్మా. ఈసారీ నిలిచేలా లేదు. రేపొకసారి రా."

ఆమె కుళాయి గట్టు మీద కూలబడింది. గదిలోంచి వచ్చిన ఆయన ఆమె ముఖం కూడా చూడలేదు.

"ఏం చేశావ్?"

రెండుసార్లు ఈ ప్రశ్నకి తలొంచుకుంది. ఈసారి ఫోను దగ్గరికి జరిగింది.

"డాక్టరుగారూ, నేనేం చేశానో ఈయన అడుగుతున్నారు. మీరే చెప్పండి, కాస్త గట్టిగా."

"ఆవిడేం చెయ్యలేదండీ. చాలాసార్లు పిండమే సరిగ్గా ఏర్పడదు, అందుకే హార్మోను పెరగదు. బకెట్టు ఎత్తితేనో మెట్లెక్కితేనో పోయేది కాదిది. మిమ్మల్ని కూడా పరీక్షకి రమ్మని పోయినసారే చెప్పాను."

"నాకెందుకు? నాకేమైంది?"

"మగాడికి పరీక్షలేంటి, విడ్డూరం!" అంది అత్తగారు, గరిటెతో సహా వచ్చి.

ఆమెకి ఏడవడానికి చాలా ఉంది, తర్వాత ఏడుస్తుంది. లేచి కుళాయి ముడి విప్పింది.

"రేపు మీరూ వస్తున్నారు. ఆ సూదికి మీరు చెయ్యి చాపేదాకా ఇక నేను నా చెయ్యి చాపను," అంటూ తడి కొస ఆయన చేతుల్లో పెట్టింది. చొక్కా ముందంతా తడిసి ఆయన ఉలిక్కిపడ్డాడు.

"గట్టిగా పట్టుకోండి. ఇన్నాళ్ళూ కుళాయి పట్టుకుంది."