ఆమెను అడగలేదు

భర్తల చేతుల్లో చావుదెబ్బలు తిన్న ఆడవాళ్ళు తలదాచుకునే వసతిగృహం అది. అక్కడ అందరూ ఆమెను మిషనక్క అనేవారు. కిటికీ పక్కన కుట్టుమిషను ముందు కూర్చుని, చిరిగిన దుప్పట్లకు మాసికలు వేస్తూ, కొత్తగా వచ్చినవాళ్ళకు కుట్టుపని నేర్పేది. భర్త ఇంకా తన కోసం గాలిస్తూనే ఉన్నాడని ఆమెకు తెలుసు. అందుకే గేటు దాటేది కాదు. కూతురిని మాత్రం అక్కడ పనిచేసే ఆయమ్మ బడికి తీసుకువెళ్ళి తెచ్చేది.

వంటగదిలో ఒక కొత్త మనిషి పనికి చేరింది. నవ్వు మొహమే కానీ గిన్నెలు తోమడం చేతకాదు.

"నువ్వు తోముతున్నావా, గిన్నెని బుజ్జగిస్తున్నావా?" అని మిషనక్క ఆటపట్టించేది. అలా ఇద్దరికీ చనువు కుదిరింది.

"వార్డెనమ్మ చెయ్యి చేసుకుంటుందటగా అక్కా?" అని ఒకనాడు అడిగింది కొత్త మనిషి.

మిషనక్క గుమ్మంకేసి చూసి గొంతు తగ్గించింది. "ఎదురు మాట్లాడితే గదిలో పెట్టి తాళం వేస్తుంది. మనకొచ్చే పాలూ, మందులూ బయట అమ్ముకుంటుంది. నేను చెప్పానని అనకు. అసలు నేనిక్కడున్నట్టే ఎక్కడా అనకు తల్లీ. మా ఆయనకు తెలిసిందంటే మమ్మల్ని బతకనివ్వడు."

"నా నోట్లోంచి రాదక్కా."

నిజమే, ఆమె నోట్లోంచి రాలేదు. ఆమె ఒక టీవీ విలేకరి. చీర మీద తొడుక్కున్న చొక్కా బొత్తాంలో కెమెరా ఉంది.

కథనం ప్రసారమైన సాయంత్రమే పోలీసులు వార్డెన్‌ను తీసుకుపోయారు. ఆడవాళ్ళంతా టీవీ ముందు చేరి చప్పట్లు కొట్టారు. మిషనక్క కూడా కొట్టింది. అంతలో తెరమీద తన ముఖమే కనిపించింది. ముఖానికి మసకేమీ వెయ్యలేదు. గొంతూ తనదే.

టీవీలో ఆమెను చూసిన భర్త వసతిగృహానికి రాలేదు. అక్కడ కాపలా ఉంటుందని తెలుసు. దగ్గర్లోని బడికి వెళ్ళి, తండ్రినని చెప్పి పిల్లను పట్టుకుపోయాడు.

పోలీసులు పాపను వెతికి తెచ్చేసరికి ఒళ్ళంతా కమిలిపోయి ఉంది. దెబ్బలు మానుతాయన్నారు డాక్టరు. మాట మాత్రం పడిపోయింది, ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు.

విలేకరి ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చింది. మంచం మీద పాపను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"అక్కా, ముఖాలు కనపడకుండా చేద్దామనే అన్నాను. ముఖం చూపిస్తేనే జనం నమ్ముతారన్నాడు మా ఎడిటర్. నేను గట్టిగా పట్టుబట్టలేదు. కానీ నీవల్లే కదక్కా, అంతమందికి ఆ వార్డెన్ పీడ వదిలింది..."

మిషనక్క తిట్టలేదు. పాప నుదురు నిమురుతూ, తల ఎత్తకుండానే అంది.

"ఆ వార్డెన్ గుట్టు బయటపెట్టాల్సిందే. అందుకు నువ్వు వేషం వేశావు, కాదనను. మరి దాని గుట్టూ నా గుట్టూ ఒకటేనా? అది తప్పుచేసి దాక్కుంది. నేను ప్రాణభయంతో దాక్కున్నాను. ఒక్క మాట నన్ను అడిగుండాల్సింది."

పాప కళ్ళు తెరిచి తల్లిని చూసింది. పెదవులు కదిలాయి కానీ చప్పుడు రాలేదు.

దాచిన తప్పును వెలికితీయడం విలేకరి ధర్మమే. కానీ దాక్కున్న ప్రాణాన్ని కాపాడటం అంతకంటే ముందు పాటించాల్సిన ధర్మం.