నా టికెట్ మీద సైకిల్

"నీకు పెద్ద సామానేం ఉండదుగా, నీ టికెట్ మీద సైకిల్ వేసేద్దాం" అన్నారు మా ఆయన, గడ్డం గీసుకుంటూ, అద్దంలోంచి నన్ను చూసి.

నేను మంచం మీద ఉతికిన బట్టలు మడతపెడుతున్నాను. ఆయనవి ఒక దొంతర, నావి ఒక దొంతర. ఆయన చెప్పినట్టు నా దొంతర చిన్నదే. ఆ మాట తప్పని ఎవరూ అనలేరు. నాతో ఆయన అనే మాటలు చాలావరకు అలాగే ఉంటాయి. విడిగా తీసి చూస్తే ఒక్కదాన్లోనూ తప్పు దొరకదు.

ఆఫీసు వాళ్ళు ఆయన్ని రెండేళ్ళకు వేరే ఊరు పంపుతున్నారు. మంచాలూ గిన్నెలూ అన్నీ ఉన్న ఇల్లు వాళ్ళే ఇస్తారు. మేం విమానంలో వెళ్ళిపోవడమే. మనిషికి ఒక పెట్టె, ఇరవైమూడు కిలోలు. ఆయన పెట్టె అప్పటికే నిండిపోయింది. కోట్లు, ఫైళ్ళు, మూడు జతల బూట్లు. నిండిపోయిందని నాకెలా తెలుసంటే సర్దింది నేనే కాబట్టి.

"మరి నా బట్టలు?" అన్నాను.

"సైకిల్ చుట్టూ దూర్చెయ్. దానికీ మెత్తగా ఉంటుంది."

"మైక్రోస్కోపు?"

గడ్డం కింద బ్లేడు ఒక క్షణం ఆగింది. "అది రెండేళ్ళు లేకపోతే కొంపేం మునగదులేవోయ్."

మైక్రోస్కోపు సంగతి చెప్పాలి. పెళ్ళికి ముందు రెండేళ్ళు నేనొక కాలేజీ ల్యాబులో పనిచేశాను. అక్కడ పాత పరికరాలు మార్చి కొత్తవి తెచ్చినప్పుడు, పాతవాటిలో ఒకదాన్ని మా మేడమ్ నాకిచ్చేశారు. ఇత్తడిది, చెక్కపెట్టెతో సహా నాలుగు కిలోలు. అడుగున ఒక మర బిగిస్తే పెట్టెలో కదలకుండా నిలబడుతుంది. ఈ ఇంట్లో మధ్యాహ్నం వంటగది తుడిచాక, సాయంత్రం పనులు మొదలయ్యేలోపు, నాకొక అరగంట మిగులుతుంది. కిటికీ పక్కన స్టూలు వేసుకుని ఆ అరగంటా దాంట్లో చూస్తాను. ఉల్లిపొర, పూలకుండీ కింద పళ్ళెంలో నిలిచిన నీళ్ళు, చిమ్మెట రెక్క, ఏది దొరికితే అది. చూసి ఏం చేస్తావని అడుగుతారు. ఏమీ చెయ్యను, చూస్తాను. ఆ అరగంటలో నన్నెవరూ ఏమీ అడగరు. మా వదిన, అంటే మా ఆయన అక్కగారు, మొదటిసారి చూసినప్పుడు, "ఉల్లిపాయని అంతసేపు చూడ్డం ఎందుకమ్మా, కూరలో వేస్తే సరిపోదూ" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పట్నుంచీ ఇంట్లో నా పేరు సైంటిస్టుగారు. "సైంటిస్టుగారూ, టీ ఏమైనా దొరుకుతుందా?"

సైకిల్ ఆయనకి డాక్టరు చెప్పాక వచ్చింది. నాలుగేళ్ళుగా ఆదివారాలు పొద్దున్నే తొక్కుతారు. తొక్కి వచ్చి గోడకి ఆనించి స్నానానికి వెళ్ళిపోతారు. గొలుసుకి నూనె, చక్రాలకి గాలి, చట్రం మీద బురద, ఇవన్నీ వాటంతటవే జరుగుతాయని ఆయన నిజంగానే అనుకుంటారేమో, ఎప్పుడూ అడగలేదు. దాన్ని విప్పి పెట్టెలో పెట్టాలన్నప్పుడు మాత్రం ఒక ఆదివారం స్పానరు పట్టుకుని కూర్చున్నారు. కుడి పెడల్ ఊడింది. ఎడమదాన్ని కూడా అదే వైపు, మొహం ఎర్రబడేదాకా తిప్పి, "తుప్పు పట్టేసింది. నువ్వు నూనె సరిగ్గా వెయ్యట్లేదు" అని లేచి, చేతులు నా వంటింటి తువ్వాలుకి తుడుచుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు నేను సైకిల్ షాపుకి నడిపించుకుంటూ వెళ్ళాను. షాపతను వంగి చూసి నవ్వాడు.

"ఎవరు బిగించారమ్మా దీన్ని, రాక్షసుడా?"

"మావారు. విప్పుతున్నాననుకున్నారు."

"ఎడమది మామూలు మర కాదమ్మా. గడియారం ముల్లు తిరిగేవైపు తిప్పితేనే ఊడుతుంది. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు." గట్టి పిడి ఉన్న స్పానరు పెట్టి ఒక్క ఊపు ఊపాడు, ఊడొచ్చింది. పాత సైకిల్ అట్టపెట్టె ఒకటి ఇచ్చి, ఏది ముందు ఏది తర్వాతో చెప్పాడు. నేను రాసుకుంటుంటే వింతగా చూశాడు. "సారు రాలేదేంటమ్మా?" అన్నాడు చివర్లో. "ఆయనకి పనుంది" అన్నాను. ఇన్నేళ్ళలో ఈ వాక్యం ఎన్ని గుమ్మాల దగ్గర చెప్పానో.

ఎడమ పెడల్ సంగతి ఆ రాత్రి ఆయనకి చెప్పాను, ఊఁ అన్నారు. సర్దడానికి రెండు మధ్యాహ్నాలు పట్టింది, అంటే రెండు అరగంటలూ, వాటి చుట్టూ దొంగిలించిన కొంత సమయమూ. టైర్లలో గాలి సగం తీశాను. ముందు చక్రం తీసేసి, దాన్ని పట్టుకునే రెండు ఇనుపకాళ్ళూ నొక్కుకుపోకుండా మధ్యలో కొలతకి కోసిన చెక్కముక్క బిగించాను. హ్యాండిల్ విప్పి చట్రం పక్కకి కట్టాను. వెనక చక్రం దగ్గర గేరు మార్చే చిన్న భాగముంటుంది, దెబ్బ తగిలితే మొదట వంగేది అదే. దాన్ని విప్పి చట్రం లోపలివైపు తిప్పి, నా పాత నైటీలో చుట్టాను. సీటు ఎంత ఎత్తులో ఉండాలో ఊచ మీద గోళ్ళరంగుతో గీత గీసి కిందికి దించాను. విప్పిన ప్రతి మరనీ దాని రంధ్రంలోనే మళ్ళీ రెండు చుట్లు బిగించాను. అది ల్యాబులో నేర్చుకున్నది. మరని జేబులో వేసుకుంటే పరికరం పోయినట్టే అనేవారు మా మేడమ్. గొలుసుకి లోపలి లంగా ఒకటి, చక్రాల మధ్య స్వెట్టర్లు, మూలల్లో తువ్వాళ్ళు, చున్నీలు. నా రెండేళ్ళ బట్టలన్నీ ఆ ఇనుముకి పరుపయ్యాయి. పని బాగా కుదిరింది. కుదిరిందని ఒప్పుకోవడానికి నాకు కొంచెం సిగ్గేసింది కూడా. ఎవరి పని ఇంత బాగా చేస్తున్నానూ అని.

మైక్రోస్కోపు కూడా పెట్టి తూచాను. ఇరవైఏడు. తీసేసి తూచాను. ఇరవైమూడుకి కొంచెం తక్కువ.

"చూశావా, సరిగ్గా సరిపోయింది" అన్నారు ఆయన సంతోషంగా.

"మీ హెల్మెట్టూ సైకిల్ బూట్లూ నా చేతిసంచీలో ఉన్నాయి. అవి తీస్తే అందులో పడుతుందేమో."

"హెల్మెట్ నొక్కుకుపోతేనో? అంత ఖరీదు పెట్టి కొన్నది. ఎక్స్‌ట్రా లగేజీకి కట్టడం శుద్ధ దండగ. అయినా ఇంత చిన్నదానికి ఇంత ఆలోచనేంటి నీకు?"

వదిన ఆ సాయంత్రమే వచ్చింది. "మా అటక మీద పెట్టేస్తాలే అమ్మాయ్. అక్కడ మా అత్తగారి చేతికర్ర ఉంది, దానికి తోడుంటుంది" అంది. మైక్రోస్కోపుని చెక్కపెట్టెలో బిగించి, ఇక పనిలేని నా పాత సూట్‌కేసులో పెట్టి ఇచ్చాను. చెక్కపెట్టె మరీ చిన్నదై లోపల అటూ ఇటూ జరుగుతోంది. చుట్టూ దూర్చడానికి నా దగ్గర బట్టలు లేవు. అన్నీ సైకిల్ దగ్గరున్నాయి.

మమ్మల్ని ఎయిర్‌పోర్టులో దించడానికి వదినే కారు తీసుకొచ్చింది. ఇంకా అటక మీదికి చేరని నా సూట్‌కేసు కూడా ఆవిడ కార్లోనే, వెనక, మా సామాను పక్కనే ఉంది. మలుపు తిరిగినప్పుడల్లా లోపల చెక్కపెట్టె తగిలిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు ఇంకెవరికీ వినపడలేదు.

కౌంటరులో అమ్మాయి అందర్నీ అడిగే ప్రశ్నే అడిగింది. "సామాను మీరే సర్దుకున్నారా?"

"నేనే సర్దాను" అన్నారు ఆయన, అట్టపెట్టె మీద చెయ్యేసి. "సైకిల్ కదండీ. తెలిసినవాళ్ళే సర్దాలి. ఎడమ పెడల్ ఉల్టా తిరుగుతుంది, చాలామందికి తెలీదు."

నేను పెట్టెని చూస్తున్నాను. నేను తిన్నగా వేసిన టేపు మీద ఇంకో టేపు వంకరగా అతికించి ఉంది. నా టేపు వంకరగా ఉండదు. పొద్దున నేను ఇల్లంతా కిటికీలు మూస్తున్నప్పుడు దీన్నెవరో తెరిచారన్నమాట.

పెద్ద సామాను కాబట్టి వేరే చోట, మా ఎదురుగానే స్కాన్ చేశారు. యూనిఫారంలో ఉన్నావిడ, నా ఈడుదే, తెర మీదికి వంగి చూసింది.

"లోపల గ్యాస్ గొట్టాలున్నాయి, రెండు. చెప్పకుండా పెట్టకూడదు. ఎవరు సర్దారు దీన్ని?"

"మా ఆవిడ సర్దింది" అన్నారు ఆయన.

కౌంటరు నుంచి అక్కడికి ఇరవై అడుగులు కూడా ఉండవు.

"విప్పాలి" అంది ఆవిడ. బ్లేడుతో టేపు కోసింది. అట్ట తెరుచుకోగానే, ఒత్తిడి మీద ఉన్నాయి కదా, నా బట్టలు పైకి పొంగాయి. చేతితొడుగులున్న ఆవిడ చేతులు ఒక్కొక్కటే బల్ల మీద పెట్టాయి. స్వెట్టరు. చున్నీ. మోకాలి దగ్గర మాసిక వేసిన నైటీ, దాని మీద గేరు నూనె మరక. లోపలి లంగా. వెనక వరసలో ఎవరో చూపు తిప్పుకున్నారు, ఎవరో తిప్పుకోలేదు. వాటి కింద, నేను పెట్టని సంచీలోంచి, టైర్లలో గాలి నింపే రెండు చిన్న గొట్టాలు దొరికాయి.

"ఇలాంటివన్నీ పైన పెడతారా ఎవరైనా?" అన్నారు ఆయన నా చెవి దగ్గర. గొట్టాల గురించి కాదు, లంగా గురించి.

నాకు కోపం రాలేదు. కోపానికి కావలసిన ఓపిక ఎప్పుడో అయిపోయినట్టుంది. పెళ్ళైన ఈ ఇరవైరెండేళ్ళుగా నేనేం చేస్తున్నానో ఎవరైనా అడిగితే చెప్పడం కష్టంగా ఉండేది. ఇప్పుడు స్టీలు బల్ల మీద, ట్యూబులైటు కింద, పరిచి పెట్టినట్టే ఉంది. లెన్సు అవసరం కూడా లేదు.

యూనిఫారం ఆవిడ నా టికెట్ చూసి నా వైపు తిరిగింది. గొంతు తగ్గించి మర్యాదగానే అడిగింది. "పెట్టె మీ పేరు మీదుంది మేడమ్. సంతకం మీరే పెట్టాలి. లోపలున్నవన్నీ మీవేనా?"

ఆయన "అవునండీ" అన్నారు.

"ఆవిడ్ని అడుగుతున్నాను సార్."

నన్ను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు ఇంతకు ముందు. అందుకే జవాబు వెతుక్కోవలసి వచ్చింది. వెతుక్కున్నాక అది చిన్నదే.

"కాదండీ" అన్నాను. "బట్టలు మాత్రం నావి."

ఆవిడ గొట్టాలు పక్కన పెట్టి, పెట్టె మీద నా పేరున్న చీటీ పీకేసింది. నేను మిగిలిన బట్టలన్నీ తీయడం మొదలుపెట్టాను. చక్రాల మధ్యవి, మూలల్లోవి. సర్దినదాన్ని కాబట్టి ఏది ఎక్కడుందో చూడనక్కర్లేదు, చేతులకి తెలుసు. ఆయన "ఏం చేస్తున్నావ్?" అన్నారు. మళ్ళీ అన్నారు. నేను వదినకి ఫోన్ చేశాను. ఆవిడ ఇంకా బయట పార్కింగులోనే ఉంది. "వదినా, నా సూట్‌కేసు ఒకసారి లోపలికి తెస్తారా? మెల్లిగా తేవాలి, అడ్డంగా పట్టుకోకండి."

వదిన గేటు దగ్గర విజిటర్ పాస్ తీసుకుని వచ్చి, బల్లనీ తమ్ముణ్ణీ నన్నూ చూసి నోరు తెరిచింది. ఏదో హాస్యం ఆడబోయి ఎందుకో మానుకుంది. సూట్‌కేసు తెరిచాను. చెక్కపెట్టె మధ్యలో నిలబెట్టి, స్వెట్టర్లు నాలుగు వైపులా కూరాను. పైన తువ్వాలు, దాని మీద చున్నీలు. నైటీని మరక లోపలికి మడిచి కిందికి పెట్టాను. ఊపి చూశాను. చప్పుడు లేదు.

"మరి సైకిల్?" అన్నారు ఆయన.

"మీ పెట్టెలో పడితే పెట్టుకోండి. లేకపోతే లగేజీకి కట్టండి. లేదంటే వదినగారి అటక ఖాళీగానే ఉంది."

"పిచ్చిపట్టిందా నీకు? ఇంకో నలభై నిమిషాల్లో కౌంటరు మూసేస్తారు."

"అందుకే తొందరగా చూసుకోమంటున్నాను."

ఆయన అక్కవైపు చూశారు. వదిన పెట్టెలోకి తొంగిచూసి, బట్టలు తీసేశాక అస్థిపంజరంలా మిగిలిన సైకిల్ని చూసి, "ఇది నా కార్లో పట్టింది కదరా ఇందాక, పడుతుందిలే" అంది. ఆ తర్వాత, ఎవరి వైపూ చూడకుండా, "ట్రాలీ తోసుకురా, నా నడుం పడిపోద్ది" అంది. ఆయన ట్రాలీ పట్టుకున్నారు. నేను హెల్మెట్టూ బూట్లూ నా చేతిసంచీలోంచి తీసి ఆ పెట్టె మీద పెట్టాను. ఆయన తోసుకుంటూ వదిన వెనకే వెళ్ళారు.

గెలిచినట్టేమీ అనిపించలేదు. వేళ్ళ సందుల్లో నూనె నలుపు ఇంకా పోలేదు, భుజాలు లాగుతున్నాయి. అక్కడికి వెళ్ళాక కూడా ఈ పూట గురించి ఆయన ఎన్నాళ్ళు మాట్లాడకుండా ఉంటారో, తర్వాత ఎన్నాళ్ళు మాట్లాడతారో నాకు తెలుసు. కూర్చోవాలనిపించింది, అంతే.

కౌంటరులో అమ్మాయి సూట్‌కేసు తూచింది. "పద్నాలుగు."

అప్పటికి ఆయన తిరిగొచ్చారు, చేతిలో బూట్లు, చంకలో హెల్మెట్టు. బరువు చూపించే అంకెలని చదివి, గొంతు కాస్త మెత్తగా చేసుకున్నారు. "ఇంకా తొమ్మిది కిలోలుంది కదోయ్. ఇవైనా నీ దాంట్లో పెట్టు."

నేను పిడి పట్టుకుని సూట్‌కేసుని బెల్టు వైపు నెట్టాను.

"వద్దండీ. ఆ తొమ్మిదీ ఖాళీగానే వస్తాయి."