తలగుడ్డ కింద

తడి తగలగానే అది ముడుచుకుంటుంది.

వేలికి చుట్టుకుంటుంది. వదిలితే స్ప్రింగులా లేచి తన చోటికి తాను పోతుంది. కొబ్బరినూనె వాసన... అప్పుడే విచ్చిన పత్తికాయ మెత్తదనం...

వొనెట్టా అద్దంలో చూసుకుంది. ముప్ఫై ఎనిమిదేళ్ల తల మీద ఎనిమిది నెలల జుట్టు.

పైన నాలుగు అంగుళాలు తనది. రింగురింగులుగా, నిక్కుగా, ఎవరి మాటా విననట్టు.

కింద ఆరు అంగుళాలు అమ్మది. తిన్నగా, నున్నగా, ప్రాణం పోయిన దారంలా.

రెండూ కలిసేచోట ఒక గీత. దువ్వెన అక్కడికొచ్చి ఆగుతుంది. గట్టిగా లాగితే తెగుతుంది.

జుట్టో... ఇంకేదో.

అమెరికాలోని జార్జియాలో, మేకన్ ఊళ్లో, వొనెట్టా తల్లి ఎర్లీన్ నలభై ఏళ్లుగా తన షాపులో నల్లవాళ్ల నొక్కుల జుట్టును సాపు చేస్తోంది. "వంకర జుట్టుకైనా, వంకర మొగుడికైనా నా దగ్గర మందుంది" అనేది ఆవిడ. మొగుళ్ల సంగతేమో గానీ, జుట్టు మాత్రం మాట వినేది.

వొనెట్టాకు ఎనిమిదో ఏట మొదలు. చర్మం కాలకుండా చెవుల చుట్టూ వేజలీన్. తల నిండా జుట్టు సాపు చేసే తెల్లటి క్రీము.

"మండుతోందా?"

"మండుతోందమ్మా."

"ఇంకో రెండు నిమిషాలు."

ఆరు వారాలకోసారి. ముప్ఫై ఏళ్లు. మందు మండేది, అమ్మ మురిసేది.

షాపు బోర్డు మీద ఇప్పటికీ పన్నెండేళ్ల వొనెట్టా బొమ్మే. భుజాల మీదికి జారే జుట్టు. ఆ షాపుకు పేరు ఎర్లీన్‌ది, తల వొనెట్టాది.

మందు మానేశానని చెప్పడం అంటే — అమ్మా, నీ నలభై ఏళ్లూ తప్పు అని చెప్పడమే.

అందుకే చెప్పలేదు. తలగుడ్డ కట్టింది. ఒకసారి జలుబంది. ఒకసారి డ్యూటీ అంది. ఎనిమిది నెలలు గడిపేసింది.

అంతా బాగానే సాగింది — ఈస్టర్ దాటాక మనుషులు మంచివాళ్లు అయిపోయేదాకా.

సిస్టర్ మాబెల్ చర్చి గుమ్మంలో తెల్ల చేతితొడుగులతో నిలబడి, ఆలస్యంగా వచ్చినవాళ్లను చూపుతోనే కాల్చేసే మనిషి. ఆవిడ వొనెట్టాను కౌగిలించుకుంది. అదీ ఆలస్యంగా వచ్చిన రోజున! పైగా గాజు గిన్నె నిండా పీచ్ పళ్లతో చేసిన తీపి కాబ్లర్ చేతిలో పెట్టింది.

"తిను బిడ్డా. తినగలిగినంతే తిను."

తినగలిగినంత ఏమిటి? ఆ తర్వాతి రెండు ఆదివారాలూ మళ్లీ కాబ్లరే.

పాటల బృందాన్ని నడిపే రాయిస్ తొమ్మిదేళ్లుగా అడిగినా ఇవ్వని సోలో పాట ఇచ్చేశాడు. "పాడే ఓపిక ఉన్నప్పుడే పాడాలి గదా, సిస్టర్..." అని మిగతా మాట మింగేశాడు.

చర్చి పెద్ద డీకన్ వొనెట్టా సంచి మోశాడు. సంచిలో ఉన్నది ఒక గొడుగు.

చీమలు పట్టేంత తీపి. వొనెట్టాకు అనుమానం పట్టింది.

కౌగిలించుకున్నప్పుడు మాబెల్ ముక్కు తలగుడ్డ దగ్గరే ఎందుకు ఆగింది? అది కాబ్లరా... ఎరా? వీళ్లంతా అమ్మ పంపిన వేగులా? గుడ్డ జారే క్షణం కోసం కాచుకున్నారా?

అమ్మ మాత్రం ఏమీ అడగలేదు. షాపుకెందుకు రావడం లేదని కూడా అడగలేదు. తలగుడ్డ వైపు చూసేది... చప్పున కిటికీ వైపు తిరిగేది.

ఎర్లీన్ అడగకపోవడం! అన్నిటికన్నా అదే పెద్ద అనుమానం.

ఆ ఆదివారం ప్రసంగం ముగిశాక పాస్టర్ టాలీ, నుదుట రాసి ప్రార్థించే నూనెసీసా చేతిలోకి తీసుకున్నాడు.

"ఐదు వారాలుగా బుధవారం ప్రార్థనలో ఒక తల్లి తన బిడ్డ పేరు ఇస్తోంది. చెప్పని ప్రార్థన."

నోటితో చెప్పుకోలేని కష్టానికి ఆ చర్చిలో అదొక దారి. పేరు ఇస్తారు, సంగతి ఇవ్వరు. ఇవ్వని సంగతిని మిగతావాళ్లు ఎవరికి వారు అల్లుకుంటారు — పాయ మీద పాయ వేసి. వొనెట్టాకు బుధవారం సాయంత్రాలు మందులషాపులో డ్యూటీ. ఆ పేరు ఎప్పుడూ ఆమె చెవిన పడలేదు.

"వొనెట్టా, ముందుకు రా తల్లీ. ఆ గుడ్డ కాస్త పైకి జరిపితే..."

"వద్దు పాస్టర్!"

ఎర్లీన్ లేచి నిలబడింది. ఊళ్లో సగం తలలు చూసిన మనిషి.

"తియ్యొద్దు. నేను చూడలేను. దాని బాత్రూమ్ చెత్తబుట్టలో చూశాను... కుచ్చులు కుచ్చులుగా జుట్టు. ఎనిమిది నెలలుగా నా చెయ్యి పడనివ్వట్లేదు. ఏ ఆస్పత్రికి పోతోందో, ఏ మందు ఎక్కిస్తున్నారో... నాకు కూడా చెప్పకుండా, ఒక్కత్తే..."



తినగలిగినంతే తిను. ఓపిక ఉన్నప్పుడే పాడు. గొడుగు కూడా మొయ్యకు.

అవి ప్రేమలు కావు. వీడ్కోళ్లు.

వొనెట్టా ముడి విప్పింది. గుడ్డ భుజం మీదికి జారింది. పైన రింగులు లేచాయి, కింద దారాలు వేలాడాయి.



"నాకు ఏ జబ్బూ లేదు. మందు ఎక్కించుకోవట్లేదు... మందు మానేశాను. అమ్మ మందు. పాత జుట్టు చివర్లు కొంచెం కొంచెంగా కత్తిరించి పారేస్తున్నాను, బుట్టలో ఉన్నది అదే. అమ్మకి చెప్పే ధైర్యం లేక గుడ్డ కట్టాను. చిక్కు తీసుకుంటున్నానంతే — చిక్కిపోలేదు."



"మరి నా మూడు కాబ్లర్లు?" అంది మాబెల్.

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు వరస దాటి వరసకు పాకింది. పాస్టర్ సీసాకు మూత పెట్టాడు. "ఆ సోలో సంగతి మళ్లీ మాట్లాడుకుందాం సిస్టర్" అన్నాడు రాయిస్.

ఎర్లీన్ నవ్వలేదు.

బెంచీల మధ్య నుంచి మెల్లగా నడిచొచ్చింది. చెయ్యెత్తింది. వేళ్లు కుదుళ్లలోకి దిగాయి... వాటికి తెలిసిన దారే, కానీ ఎప్పుడూ చూడని ఊరు.

"ఎవరు దువ్వుతున్నారు?"

"నేనే."

బొటనవేలు కిందికి జారి, ఒకచోట ఆగింది.

"ఇక్కడ తెగుతోంది."

"తెలుసమ్మా."

"రేపు సోమవారం. షాపు మూత. వెనక తలుపు తీసి ఉంచుతాను."

"దేనికమ్మా?"

ఎర్లీన్ బొటనవేలితో ఆ గీతను మళ్లీ తడిమింది. ఆ కళ్లలో తడి కోపానిదో, ఊరటదో... వొనెట్టా ఎంత వెతికినా దొరకలేదు.

వేళ్లు మాత్రం రింగుల్లోంచి బయటికి రాలేదు.