పదో టిక్కు

ఆట మానేసిన బేస్‌బాల్ ఆటగాళ్లలో ఎవరిని కీర్తి మందిరంలోకి తీసుకోవాలో క్రీడా విలేకరులం ఓటు వేసి తేలుస్తాం. ఈసారి ఓటు పత్రం నవంబరు చివరి వారంలో వచ్చింది. ముప్పై నాలుగు పేర్లు, ఒక్కో పేరు పక్కన ఒక్కో గడి. పది పేర్ల దాకా టిక్కు పెట్టవచ్చు. తక్కువ పెడితే అడిగేవారు లేరు. నేను తొమ్మిదింటికి పెట్టి ఆగిపోయాను. చివరి నుంచి నాలుగో వరుసలో ఆరిన్ టాకెట్ పేరు ఉంది.

ఆరిన్ మా మిల్వాకీ జట్టుకు పదహారేళ్లు క్యాచర్. ఆ పదహారేళ్లూ అతడు బ్యాటర్ వెనుక గొంతుక్కూర్చుని బంతులు పట్టాడు, నేను పైన విలేకరుల గదిలో కూర్చుని పత్రికకు రాశాను. కీర్తి మందిరానికి అతడు తగినవాడని ఆనాడూ నమ్మాను, ఈనాడూ నమ్ముతున్నాను.

అయినా టిక్కు పెట్టలేదు. మా ఊరి ఆటగాడు, నా స్నేహితుడు. అతనికి ఓటు వేస్తే అది న్యాయమో మమకారమో నాకే తెలియదనుకున్నాను. ఆ సందేహానికి నిజాయితీ అని పేరు పెట్టుకున్నాను. ఫలితాల రోజున అచ్చు వేయించడానికి, స్నేహితుడికి ఎందుకు ఓటు వేయలేదో వివరిస్తూ ఒక వ్యాసం కూడా ముందే రాసి ఉంచాను. మందిరంలోకి వెళ్లాలంటే నూటికి డెబ్బై ఐదు ఓట్లు రావాలి. జాబితాకెక్కిన తొలి ఏడాదే అతనికి అన్ని ఎలాగూ రావు. జాబితాలో పేరు నిలవడానికి నూటికి ఐదు చాలు. అవి మిగతావారు వేస్తారు, వచ్చే ఏడాది నేను వేస్తాను, ఇంకా తొమ్మిదేళ్ల గడువుంది అనుకున్నాను.

జనవరిలో ఫలితాలు చెప్పారు. వచ్చిన పత్రాలు మూడువందల తొంభై రెండు. పేరు నిలవడానికి ఇరవై ఓట్లు కావాలి. ఆరిన్‌కు పంతొమ్మిది వచ్చాయి. మా జాబితాలోకి అతని పేరు ఇక ఎన్నటికీ రాదు. వ్యాసం సొరుగులోనే ఉండిపోయింది.

ఆ శుక్రవారం చేపల భోజనానికి రమ్మని ఆరిన్ భార్య మార్వా ఫోను చేసింది. ఎప్పుడూ వెళ్లే చోటే, గోడ పక్క బల్ల దగ్గరే కూర్చుని ఉన్నారు.

"రారా, పంతొమ్మిది మందిలో ఒకడా," అన్నాడు ఆరిన్, కాలితో కుర్చీ జరిపి.

"మోకాళ్లెలా ఉన్నాయి?" అన్నాను.

"రెండూ కొత్తవేగా, బ్రహ్మాండం. ఈ ఒంట్లో పాతవి నోరూ ఆకలీ."

"ఆ నోటికి మా ఇంట్లో ఓటింగు పెడితే నూటికి ఐదు కూడా రావు," అంది మార్వా బంగాళాదుంప అట్టు నా పళ్లెంలో వేస్తూ. తర్వాత సంచిలోంచి ఒక కవరు తీసింది. "ఓటు వేసినవాళ్లకి థాంక్స్ చెబుతూ పంతొమ్మిది కార్డులు రాశాడు, లెన్. ఎవరికి వేశారో పైకి చెప్పినవాళ్లు పదమూడు మంది. వాళ్లకి పోస్టు చేసేశాం. చెప్పనివాళ్లు ఆరుగురు. అందులో ఒకడివి నువ్వేగా, నీకు చేతికిద్దామని ఆగాం."

కవరు మీద ఆరిన్ చేతిరాతలో నా పేరు ఉంది. బంతులు తగిలి వంకరపోయిన ఆ వేళ్లకు ఒక్క పేరు రాయడమే ఎంత శ్రమో నాకు తెలుసు.

"ఇది నాది కాదు, ఆరిన్. నేను నీకు వేయలేదు."

మార్వా ఫోర్కు కింద పెట్టింది. ఆరిన్ రై రొట్టెకు వెన్న రాస్తూనే ఉన్నాడు.

"పది ఓట్లేగా ఇచ్చేది," అన్నాడు. "ఈ ఏడాది మంచి ఆటగాళ్లు ఎక్కువమంది పడ్డారు. నీ పదోవాడెవడు?"

నేను బయటపడటానికి అతనే దారి చూపిస్తున్నాడు. లూథర్ బీమ్ పేరు నా నాలుక చివరిదాకా వచ్చింది. జాబితాలో లూథర్‌కు ఇది ఆఖరి ఏడాది. అతనికి వేశానంటే ఆరిన్ నా భుజం తట్టేవాడు.

"ఎవరూ లేరు. తొమ్మిదే పెట్టాను."

"ఒకటి ఊరికే వదిలేశావా?"

"వదిలేశాను."

"ఎందుకు?"

"నువ్వు నా స్నేహితుడివి కాబట్టి."

సొరుగులోని వ్యాసంలో నాలుగు పేజీలు నిలబడిన కారణం ఆ బల్ల దగ్గర ఒక్క వాక్యం సేపు కూడా నిలబడలేదు. నేను కాపాడుకున్నది న్యాయాన్ని కాదు, న్యాయవంతుడినన్న నా పేరుని. దాని ఖరీదు అతని చేత కట్టించాను.

"పదహారేళ్లు నా తప్పులన్నీ నీ పేపర్లో రాశావు," అన్నాడు ఆరిన్. "స్నేహితుణ్ణని ఒక్కటీ వదల్లేదు. నేనెప్పుడైనా ఏమన్నా అన్నానా? అవి నేను చేసినవిరా."

మార్వాను కలం అడిగి తీసుకున్నాడు. కవరు మీద నా పేరును ఒక్క గీతతో నెమ్మదిగా కొట్టేసి, కవరు మళ్లీ నా ముందుకే జరిపాడు.

"నువ్వున్నావనుకున్న చోట ఇంకెవడో ఉన్నాడు. నా మొహం కూడా దగ్గర్నుంచి చూసుండడు, నాకేశాడు. వాళ్లంతా మీ పేపర్లవాళ్లేగా. కనుక్కుని ఇవ్వు."

"చేప చల్లారిపోతోంది, తినండి, మిస్టర్ ప్రుస్కీ," అంది మార్వా. ముప్పై ఏళ్లలో ఆమె నన్ను ఇంటిపేరుతో పిలవడం అదే మొదలు.

అప్పటి నుంచి, ఎవరికి వేశారో పైకి చెప్పని వారికి ఒక్కొక్కరికే ఫోను చేస్తున్నాను. అందరూ మొదట ఒకటే అడుగుతారు: "అతనికి అందరికన్నా ముందు వేసేవాడివి నువ్వేగా, నీకెందుకీ వెతుకులాట?" ప్రతిసారీ చెబుతున్నాను. అచ్చు కాని వ్యాసాన్ని, దానిలోని అందమైన వాక్యాలన్నీ తీసేసి, మనిషి మనిషికీ అప్పజెబుతున్నాను.

నలభై ఒకటో మనిషి సియాటిల్‌లో ఉంటాడు. "నేనే వేశాను," అన్నాడు. "దానికి కార్డెందుకు? అతను ఆడాడు, నేను చూశాను. అంతేగా."

చిరునామా అడిగి, కొట్టేసిన నా పేరు కింద అతని పేరు రాశాను. ఆ గీత కింద నా పేరు ఇంకా స్పష్టంగా కనిపిస్తోంది. కవరు మార్చలేదు.