ఎర్ర టేపు కట్టిన సంచి

మధ్యాహ్నం పన్నెండున్నరకు ఖాదర్ హుస్సేన్ ఫోన్ చేసి, "భాభీ, పొద్దున నేను దించిన మూటల్లో ఎర్ర టేపు కట్టిన సంచి ఒకటుంది, చూసినావా?" అన్నాడు.

"చూడకుండా ఎట్టా ఉంటా? ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి హ్యాంగర్‌కి తగిలించినా," అన్నాను. మెచ్చుకుంటాడనే అనుకున్నాను.

"ఖలాస్, అంతా అయిపాయ," అన్నాడు. "అది ఉతికేది కాదు భాభీ. ఉతక్కూడదనే టేపు కట్టినారు. మిగతా మూటలతో కలిపి నేనే దించేసినా."

ఖాదర్ మా ఆయనకి పినతండ్రి కొడుకు. ఆ నవంబరులో, అంటే రెండు వేల పదహారులో, షూటింగుకొచ్చిన ఒక కొరియా సీరియల్ వాళ్ళకి వ్యాను నడిపేవాడు. మాది నెల్లూరు, బతుకుతెరువు ఈ అరబ్బు దేశంలో, బనియాస్‌లో లాండ్రీ. ఉతుకుడు మా ఆయనది, మరకలు తియ్యడం, చిరిగినవాటికి రఫూ చెయ్యడం నాది. గుంపులో నటించే వాళ్ళ బట్టలు నాలుగు రోజులుగా మా దగ్గరికే వస్తున్నాయి. మా దుకాణంలో ఏ మూటకైనా ఎర్ర పీలిక కట్టామంటే, ఆ మనిషి ముఖ్యమైన మనిషి, ముందు అదే చెయ్యాలి, ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెయ్యాలి అని లెక్క. ఎర్ర టేపు చూసి నేనూ అదే అనుకున్నాను.

పైగా ఆ సంచిలోని చొక్కా ఎవరిదో నాకు తెలుసు. సంచి మీద పేరు రాసుంది, మిన్ హేరాన్ అని, ఒకప్పుడు పేరున్న కొరియా నటి. అప్పటికి ఏడేళ్ళ కిందట ఆమె సీరియల్ ఇక్కడి టీవీలో అరబ్బీ మాటలతో వచ్చేది. నేను ఇస్త్రీ చేసుకుంటూ చూసేదాన్ని. నాకు అరబ్బీ సగమే వచ్చు. ఆమె ముఖం చూస్తే మిగతా సగం తెలిసిపోయేది. అలాంటి మనిషి చొక్కాకి జానెడు నెత్తుటి మరక, మోచేతి నుంచి మణికట్టు దాకా చిరుగు, కాలరు నిండా ఇసుక. ఉప్పు, నిమ్మకాయ వేసి మెల్లగా రుద్ది వదిలించాను. అంచు మడతలోంచి దారప్పోగులు లాగి, వాటితోనే చిరుగుకి రఫూ చేశాను. నా ప్రేమంతా పెట్టి ఆమె కొంప ముంచాను.

ఖాదర్ వచ్చేలోపు చొక్కా మడిచి, బ్లేడు, సూది డబ్బా సంచిలో వేసుకుని బయట నిలబడ్డాను. దారిలో అంతా చెప్పాడు. కథలో ఆమె ఒక తల్లి. ఎడారిలో ఎవరో కాలుస్తారు, ఆ చొక్కాలోనే చనిపోతుంది. సగం నిన్న తీశారు, సగం ఈరోజు తియ్యాలి. మరకలు నిన్నటిలాగే ఉండాలి. రెండో చొక్కా ఒకటుండేది, మొన్న మంటల సీనులో కాలిపోయింది. షూటింగు అనుమతి ఈ సాయంత్రంతో సరి, రేపు పొద్దున విమానం.

"తియ్యకపోతే?"

"తల్లి చచ్చిపోయిందని కొడుక్కి ఫోనొచ్చినట్టు చూపించేస్తారంట. ఆమె సీనే ఉండదు." ఖాదర్ స్టీరింగు మీద చెయ్యి కొట్టాడు. "కారు ప్రమాదంలో ఎడమ చెంప కోసుకుపోయింది భాభీ. ఐదేళ్ళుగా ఎవురూ పిలవలా. దూరం నుంచే తీస్తామని ఒప్పందం రాసుకుని ఈ ఒక్క సీను కోసం వచ్చింది."

కిటికీలోంచి ఎండ వంకే చూస్తూ కూర్చున్నాను. ఐదున్నరకల్లా పొద్దు గుంకుతుంది.

"ముదీర్, అదే డైరెక్టరు, అడిగితే నువ్వు నోరు తెరవబాక," అన్నాడు ఖాదర్. "హోటలోళ్ళు ఉతికేసినారని నేను చెప్తా."

"ఆ మరకలు నా చేత్తో పోగొట్టినా. ఎక్కడెక్కడుండాయో నాకే తెలుసు. నోరు మూసుకుంటే ఎట్టా పెట్టేది?" అని కసిరాను.

మేం చేరేసరికి మూడయింది. తళతళలాడుతున్న చొక్కా చూడగానే బట్టలు చూసుకునే కొరియా ఆమె ఇసుకలో చతికిలబడింది. నాలుగు తిట్టినా బాగుండేది. నేనే ఉతికానని ఖాదర్ చేత ఇంగ్లీషులో చెప్పించాను. డైరెక్టరు చొక్కాని చూశాడు, సూర్యుణ్ణి చూశాడు. గొడుగు కింద చెంపకి రుమాలు అడ్డం పెట్టుకుని కూర్చున్న హేరాన్ నన్ను చూసింది. నేను తల దించుకున్నాను.

పని మొదలుపెట్టాం. నా రఫూని నేనే బ్లేడుతో కోశాను. నిన్న చొక్కాకి తీసిన ఫోటోలు వాళ్ళ దగ్గర మూడే, మూడూ ముందువైపువే. వెనక నడుము దగ్గర చింతగింజంత చుక్కలు మూడున్నాయని వేలితో చూపించాను. బట్టలామె నా ముఖంలోకి ఒక క్షణం చూసి రంగు సీసా నా చేతికిచ్చింది. ఆ రంగు పచ్చి నెత్తురు. నిన్నటి మరక ఎండి గోధుమరంగుకి తిరిగిపోయింది. టీ డికాషన్ మరిగించి అందులో రంగు కలిపాం. చుక్క పెట్టడం, ఇస్త్రీ పెట్టె ఆనించి ఆరబెట్టడం, ఫోటో పక్కన పట్టి చూడటం. కాలరు కలిసింది. భుజం కలిసింది. చెయ్యి కూడా కలిసింది.

పెద్ద మరక మాత్రం కలవలేదు. తడిగా ఉన్నప్పుడు సరిగ్గానే కనిపించింది, ఆరేసరికి పొరలా పైన తేలి నారింజ రంగుకి తిరిగింది. చిన్న మరకల్లో తెలియలేదు గానీ, నేను పెట్టిన గంజి రంగుని లోపలికి దిగనివ్వడం లేదు. ఎవరడిగారు నన్ను గంజి పెట్టమని? మళ్ళీ తడిపి రుద్దితే ఆరే సమయం లేదు. ఐదు దాటింది.

డైరెక్టరు వచ్చి చూసి తల అడ్డంగా ఊపాడు. అసిస్టెంటుని పిలిచి ఏదో చెప్పాడు. "ఫోను సీను రాయమంటున్నాడు భాభీ," అన్నాడు ఖాదర్ నా చెవిలో. బతిమాలదామనుకున్నాను, ఏ భాషలో బతిమాలాలో తెలియలేదు.

అప్పుడు హేరాన్ లేచింది. చెంప మీది రుమాలు తీసి కుర్చీలో పడేసింది. చెవి కింద నుంచి పై పెదవి దాకా కుట్టు గుర్తు, ఆ వైపు పెదవి కాస్త కిందికి లాగినట్టుంది. డైరెక్టరు ఎదురుగా నిలబడి నాలుగు మాటలు అంది. బట్టలామె పరుగున వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఏమంటోంది?" అని ఖాదర్ డొక్కలో పొడిచాను. అతను అసిస్టెంటుని అడిగి వచ్చాడు. "కెమెరాని దగ్గరికి రమ్మంటోంది. చొక్కా కనిపించనక్కర్లేదు, ముఖం మీదే తియ్యమంటోంది."

డైరెక్టరు ఆ చెంప వంక చూశాడు. ఆయనకీ భయంగానే ఉంది, తెలుస్తూనే ఉంది. మేకప్ పిల్ల పౌడరు తెస్తే హేరాన్ చేత్తో పక్కకి నెట్టింది. నేను ఆమెకి చొక్కా తొడిగి గుండీలు పెడుతుంటే, ఆమె గుండె కొట్టుకోవడం నా వేళ్ళకి తగిలింది.

ఆమె ఇసుకలో పడుకుంది. కెమెరా మూరెడు దూరానికి వచ్చింది. సూర్యుడు ఇసుక దిబ్బకి రెండు వేళ్ళ పైన ఉన్నాడు. ఒక్కసారికే వెలుతురుంది. ఆ సీనేమిటో ఖాదర్ ముందే చెప్పాడు. కొడుకు దూరం నుంచి అమ్మా అని పిలుస్తాడు. పలికితే వాడూ వచ్చి దొరికిపోతాడు, అందుకని పలక్కుండా చచ్చిపోవాలి.

దిబ్బ అవతల నుంచి పిలుపు వినిపించింది. ఆమె కళ్ళు అటు తిరిగాయి. నోరు తెరుచుకోబోయింది, మూసేసుకుంది. మళ్ళీ పిలిచారు. కుట్టు దగ్గర పెదవి వణికింది, ఆ వణుకు చెంపంతా పాకింది, అయినా చప్పుడు రానివ్వలేదు. మూడోసారి పిలిచేసరికి 'పలుకమ్మా' అని నా గొంతు దాకా వచ్చేసింది. దుపట్టా నోట్లో కుక్కుకున్నాను. కొడుకు గొంతు దూరమయ్యే కొద్దీ ఆమె ముఖం తేటపడింది. వాడు బయటపడ్డాడని తెలిసిన తల్లి ముఖం అది. అలాగే ఉండిపోయింది.

పొద్దు గుంకింది. డైరెక్టరు కట్ అనడం మరిచిపోయాడు. కెమెరా అతను తల తిప్పి చూశాకే అన్నాడు.

హేరాన్ లేచి, జుట్టులో ఇసుకతోనే, తీసిన సీను చూసుకునే టీవీ పెట్టిన గుడారం దగ్గరికి నడిచింది. ఈ నాలుగు రోజుల్లో ఆమె ఒక్కసారీ దాని ముందుకు రాలేదట, అసిస్టెంటు ఖాదర్‌తో అన్నాడు. డైరెక్టరు పక్కకి జరిగి చోటిచ్చాడు. తెరంతా ఆమె ముఖమే. చొక్కా లేదు, నా మరకల్లో ఒక్కటీ లేదు. మొదటి నుంచి చివరిదాకా రెప్ప వెయ్యకుండా చూసింది. అయిపోయాక ఒక వేలెత్తి, మళ్ళీ వెయ్యమంది.

నాకు ఏడుపు ఆగలేదు. సామాన్లు సర్దేస్తున్నారు, దీపాలు ఆర్పేస్తున్నారు, ఖాదర్ యల్లా, పోదాం భాభీ అంటూ చెయ్యి లాగుతున్నాడు. ఆమె ఇంకా అక్కడే నిలబడి తన ముఖం చూసుకుంటోంది.